విదేశీ లీగులకు క్రీడాకారులు: తీర్చిదిద్దిన క్లబ్బుకు దక్కవలసినది ఎంత?

ప్రత్యేక వ్యాసం

తుళ్లూరు: నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య 2022వ సంవత్సరంలో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని డైనమో జాగ్రెబ్ మహిళా ఫుట్‌బాల్ జట్టులో చేరడం తెలుగు క్రీడాభిమానులకు ఆనందం కలిగించిన విషయం విదితమే. అప్పటికి ఆమె గోకులం కేరళ జట్టు సభ్యురాలు. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ కూడా ఆమెతో పాటు అదే జట్టులో చేరారు. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, మణిపూర్‌కు చెందిన బాలాదేవి స్కాట్లాండ్‌లోని రేంజర్స్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఇటువంటి సందర్భాలలో క్రీడాకారిణి చిత్రం, విదేశీ క్లబ్బు పేరు, స్వగ్రామంలో మిఠాయిలు పంచిన వైనం పత్రికలలో విపులంగా వస్తాయి. ఆమెకు పన్నెండేళ్ల ప్రాయంలో బంతిని అదుపు చేయడం నేర్పిన మైదానానికి ఈ ప్రయాణంలో ఏమైనా దక్కిందా అనే ప్రశ్న మాత్రం అరుదుగానే వినబడుతుంది.

ఈ ప్రశ్నకు ఫుట్‌బాల్ క్రీడలో లిఖితపూర్వకమైన సమాధానం ఉన్నది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా రూపొందించిన క్రీడాకారుల హోదా, బదిలీల నియమావళి ఇందుకు ఆధారం. యూరోపియన్ కమిషన్‌తో 2001 మార్చిలో కుదిరిన అవగాహన మేరకు సిద్ధమైన ఈ నియమావళి అదే సంవత్సరం సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. అమెచ్యూర్ క్లబ్బుకు డబ్బు చేరడానికి ఇందులో రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది శిక్షణ పరిహారం, రెండవది సంఘీభావ వాటా. ఈ రెండింటినీ ఒకటిగా భావించి వార్తలు రాయడం పరిపాటి అయినది కనుక వేర్వేరుగా వివరించడం అవసరం.

శిక్షణ పరిహారం అనగా ఆటగాడిని అమ్మగా వచ్చిన ధర కాదు. ఒక యువకుడు తొలిసారిగా ప్రొఫెషనల్ ఆటగాడిగా నమోదైనప్పుడు, అతనికి 12వ ఏడు నుంచి 21వ ఏడు వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నింటికీ, ఏ క్లబ్బులో ఎంతకాలం ఉన్నాడో ఆ నిష్పత్తిలో, కొత్త క్లబ్బు చెల్లించవలసిన మొత్తం ఇది. ఆటగాడు ఉచితంగా వచ్చినా, పాత క్లబ్బుతో అతనికి ఏ ఒప్పందమూ లేకపోయినా, ఈ బాధ్యత తప్పదు. అమెచ్యూర్ క్లబ్బుకు ఆటగాడితో ఒప్పంద పత్రం ఉండదు. ఒప్పందం లేనిచోట బదిలీ రుసుమూ ఉండదు. ఆ లోటును పూడ్చడానికే ఈ నిబంధనను ఏర్పరచడమైనది. తదుపరి బదిలీలలో, ఆటగాడికి 23 ఏళ్లు నిండే క్యాలెండర్ సంవత్సరం ముగిసే వరకు, అతడు వదలి వచ్చిన క్లబ్బుకు మాత్రమే పరిహారం లభిస్తుంది. గ్రామస్థాయి క్లబ్బుకు ఇది ఒకే ఒక్కసారి తలుపు తట్టే అవకాశం అన్నమాట.

పరిహారం ఎంత అనేది ఆటగాడి ప్రతిభను బట్టి గాక, అతడిని చేర్చుకున్న క్లబ్బు స్థాయిని బట్టి నిర్ణయమవుతుంది. క్లబ్బులను నాలుగు శ్రేణులుగా విభజించి, ఒక్కొక్క ఖండానికి ఏడాది శిక్షణ వ్యయాన్ని ఖరారు చేశారు. యూరప్‌లో మొదటి శ్రేణికి 90,000 యూరోలు, రెండవ శ్రేణికి 60,000, మూడవ శ్రేణికి 30,000, నాల్గవ శ్రేణికి 10,000 యూరోలు. ఆసియాలో రెండవ శ్రేణికి 40,000 డాలర్లు, మూడవ శ్రేణికి 10,000, నాల్గవ శ్రేణికి 2,000 డాలర్లు. చిన్న వయసు శిక్షణకు అధిక మొత్తాలు పడకుండా 12 నుంచి 15 ఏళ్ల మధ్య గల నాలుగు సంవత్సరాలకు నాల్గవ శ్రేణి రేటునే వర్తింపజేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. తుళ్లూరు మండలంలోని ఒక గ్రామంలో ఫుట్‌బాల్ క్లబ్బు ఉన్నదనుకుందాం. అందులో ఒక బాలుడు 12వ ఏట నమోదై 17వ ఏటి సీజన్ ముగిసే వరకు ఆడి, 18 నిండిన పిదప యూరప్‌లోని మూడవ శ్రేణి క్లబ్బులో ప్రొఫెషనల్‌గా చేరాడనుకుందాం. తొలి నాలుగు సీజన్లకు 10,000 చొప్పున 40,000 యూరోలు. తరువాతి రెండు సీజన్లకు 30,000 చొప్పున 60,000 యూరోలు. మొత్తం 1,00,000 యూరోలు ఆ గ్రామ క్లబ్బుకు రావలసి ఉంటుంది. అదే బాలుడు ఆసియా ఖండంలోని మూడవ శ్రేణి క్లబ్బులో చేరితే 8,000 డాలర్లు, 20,000 డాలర్లు కలిపి 28,000 డాలర్లు. వెళ్లినది నాల్గవ శ్రేణి క్లబ్బుకైతే ఏమీ రాదు. ఆ బాలుడు మధ్యలో రెండేళ్లు గుంటూరులోని మరొక క్లబ్బుకు మారి ఉంటే ఆ రెండేళ్ల భాగం ఆ క్లబ్బుకు చెందుతుంది. 18 ఏళ్ల లోపు వారి అంతర్జాతీయ బదిలీలను కొద్దిపాటి మినహాయింపులతో ఫిఫా నిషేధించినందున, మన ప్రాంతపు పిల్లల విషయంలో ఆరు సీజన్ల లెక్క సాధారణంగా స్వదేశంలోనే పూర్తవుతుంది.

రెండవదైన సంఘీభావ వాటా బదిలీ రుసుముతో ముడిపడినది. ఒప్పందం గడువు ముగియకముందే ఆటగాడు ఒక క్లబ్బు నుంచి మరొక క్లబ్బుకు రుసుముపై మారినప్పుడు, ఆ రుసుములో 5 శాతాన్ని మినహాయించి, అతడికి 12 నుంచి 23 ఏళ్ల వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచుతారు. 12 నుంచి 15 వరకు ఒక్కొక్క సంవత్సరానికి రుసుములో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఒక్కొక్క సంవత్సరానికి 0.5 శాతం. పైన చెప్పిన బాలుడు కొంతకాలానికి కోటి రూపాయల రుసుముపై వేరొక క్లబ్బుకు మారితే, గ్రామ క్లబ్బుకు తొలి నాలుగు సీజన్లకు లక్ష రూపాయలు, తరువాతి రెండు సీజన్లకు మరొక లక్ష, వెరసి 2 లక్షల రూపాయలు లభిస్తాయి. మొత్తం చిన్నదిగా కనిపించవచ్చును. అయితే శిక్షణ పరిహారం వలె ఇది ఒక్కసారితో ఆగిపోదు. ఆటగాడి వయసు ఎంతైనా, అతడు రుసుముపై మారిన ప్రతిసారీ ఈ వాటా పుడుతుంది. 2020 జూలై 1వ తేదీ నుంచి మరొక మేలు కూడా జరిగింది. విదేశంలోని రెండు క్లబ్బుల మధ్య, ఆ దేశం లోపలే బదిలీ జరిగినప్పటికీ, శిక్షణ ఇచ్చిన క్లబ్బు వేరొక దేశానికి చెందినదైతే వాటా చెల్లించవలసి ఉంటుంది.

రాజధాని ప్రాంత రైతులకు ఈ భావన కొత్తదేమీ కాదు. 2015లో ఇక్కడి గ్రామాలలో భూసమీకరణ జరిగినప్పుడు మెట్ట భూమికి ఎకరాకు 30,000 రూపాయలు, జరీబు భూమికి 50,000 రూపాయల వార్షిక కౌలును ప్రకటించి, దానితో పాటు అభివృద్ధి చేసిన స్థలంలో వాటాను తిరిగి ఇచ్చే పద్ధతిని అనుసరించారు. భూమి విలువ రేపు పెరిగితే ఆ పెరుగుదలలో మొదటి యజమానికి కూడా భాగం ఉండాలన్నదే అందలి ఉద్దేశం. శిక్షణ పరిహారాన్ని కౌలుతోను, సంఘీభావ వాటాను తిరిగి వచ్చే స్థలంతోను పోల్చి చెబితే ఇక్కడి క్లబ్బుల నిర్వాహకులకు త్వరగా బోధపడుతుంది. పోలిక ఇంతవరకే. ఆటగాడు భూమి వంటివాడు కాడు, తన ఇష్టానుసారం వెళ్లే స్వేచ్ఛ అతడికి ఉన్నది.

ఆ స్వేచ్ఛకూ పరిహారానికీ మధ్య ఘర్షణ పాతదే. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మాన్ వేసిన దావాలో 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం, ఒప్పందం ముగిసిన ఆటగాడు వెళ్లిపోతున్నప్పుడు బదిలీ రుసుము కోరడం యూరోపియన్ యూనియన్ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. దానితో చిన్న క్లబ్బుల ప్రధాన ఆదాయ మార్గం మూసుకుపోయింది. 2001 నాటి నియమావళి ఈ నేపథ్యంలోనే వెలువడింది. తరువాత ఫ్రాన్స్‌లో ఒలింపిక్ లియోన్ క్లబ్బు, తాను తీర్చిదిద్దిన ఒలివియే బెర్నార్ తనతో ఒప్పందం చేసుకోక ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ జట్టుకు వెళ్లినందుకు నష్టపరిహారం కోరింది. 2010 మార్చి 16న అదే న్యాయస్థానం ఆ వ్యాజ్యంలో ఒక సమతౌల్యమైన సూత్రాన్ని చెప్పింది. యువకులకు శిక్షణ ఇచ్చే క్లబ్బులను ప్రోత్సహించడానికి పరిహారం కోరడం సమంజసమే. అయితే అది శిక్షణకు నిజంగా అయిన వ్యయంతో సంబంధం కలిగి ఉండాలి, ఆటగాడు వెళ్లిపోయినందుకు శిక్షగా ఉండరాదు. పరిహారం మొత్తాన్ని క్లబ్బు ఇష్టప్రకారం నిర్ణయించరాదన్నది ఈ తీర్పు సారాంశం.

తెలుగు నేలపై ఈ సమస్య ఫిఫా నియమావళి కంటే ఎంతో పాతది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకున్న రోజులలో హైదరాబాద్, సికింద్రాబాద్ వీధి మైదానాలు దేశానికి ఆటగాళ్లను అందించాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాల్గవ స్థానం పొందినప్పుడు ఆ జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ ప్రాంతంవాడు. 1957లో ఆయన కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1966లో మహమ్మద్ హబీబ్ అదే క్లబ్బులో చేరేనాటికి ఆయనకు 17 ఏళ్లు మాత్రమే. సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ కూడా అదే బాట పట్టారు. దేశంలో ఫుట్‌బాల్ అప్పటికి అధికారికంగా అమెచ్యూర్ క్రీడయే. కలకత్తా పెద్ద క్లబ్బులు ఆటగాళ్లకు ఉద్యోగాలు, వసతి సమకూర్చగలిగేవి, కప్పులు గెలిచేవి. ఆటగాడిని పంపిన మొహల్లా జట్టుకు వయసుల వారీగా వాటా ఇవ్వాలన్న ఆలోచనే అప్పటికి లేదు. ఒకప్పుడు జాతీయ జట్టులో సగం వరకు స్థానాలు ఆక్రమించిన నగరం తరువాతి దశాబ్దాలలో వెనుకబడడానికి కారణాలు అనేకం. ఒక్క పరిహారం లేకపోవడమే కారణమనడం సరికాదు. కానీ ప్రతిభ వెళ్లిపోయిన దారిలో డబ్బు తిరిగి రాలేదన్నది నిర్వివాదం.

సౌమ్య ఉదంతానికి తిరిగి వస్తే, ఇక్కడ ఒక ముఖ్యాంశం పాత్రికేయులు గమనించవలసి ఉన్నది. ఫిఫా నియమావళి 20వ అధికరణం శిక్షణ పరిహారం సూత్రాలు మహిళా ఫుట్‌బాల్‌కు వర్తించవని స్పష్టంగా పేర్కొంటున్నది. మహిళా ఫుట్‌బాల్ ఇంకా ఎదుగుతున్న దశలో ఉన్నదని, ఒక్కొక్క ఆటగత్తె కోసం పెద్ద మొత్తాలు చెల్లించవలసి వస్తే క్లబ్బులు కొత్తవారిని చేర్చుకోవడానికి వెనుకాడతాయని దీనికి చెప్పే కారణం. ఆ వాదనలో కొంత సత్యం లేకపోలేదు. అయితే దాని భారం ఎవరిపై పడుతున్నదో కూడా చూడాలి. గ్రామీణ ప్రాంతంలో ఒక బాలికను మైదానానికి తీసుకురావడానికి తల్లిదండ్రులను ఒప్పించడం, ఆమె రాకపోకలకు తోడు ఏర్పాటు చేయడం, బూట్లు, ఆహారం సమకూర్చడం, బాలుర విషయంలో కంటే శిక్షకుడికి ఎక్కువ శ్రమ. ఇంత చేసి విదేశానికి పంపిన తరువాత, నిబంధనల ప్రకారమే, శిక్షణ పరిహారం కింద వచ్చేది శూన్యం. మిగిలిన మార్గం సంఘీభావ వాటా. బదిలీకి రుసుము లేనప్పుడు అందులో 5 శాతం కూడా శూన్యమే. కనుక బాలికల జట్లను నడిపే క్లబ్బులకు విదేశీ పరిహారంపై ఆశ కల్పించే ప్రకటనలు చేయకుండా ఉండడం మంచిది. వాటికి స్థానికంగా దక్కే సహాయమే ఆధారం.

పురుషుల విషయంలోనూ వయసు అడ్డు వచ్చే సందర్భాలు ఉన్నాయి. భారత జట్టు డిఫెండర్ సందేశ్ జింగన్ 2021లో క్రొయేషియాలోని షిబెనిక్ క్లబ్బులో చేరేనాటికి ఆయనకు 28 ఏళ్లు. 23 దాటినందున అటువంటి బదిలీలో శిక్షణ పరిహారం ప్రసక్తి రాదు. మన దేశపు ఆటగాళ్లు విదేశాలకు వెళ్లడమే తక్కువ, అందులోనూ ఆలస్యంగా వెళ్లడం వల్ల స్వదేశీ క్లబ్బులకు ఈ నిబంధన ఆచరణలో ఉపయోగపడిన సందర్భాలు పరిమితం.

ఇక అసలు చిక్కు నమోదులో ఉన్నది. నియమావళి దృష్టిలో క్లబ్బు అనగా జాతీయ సమాఖ్యకు నేరుగా గాని, రాష్ట్ర, జిల్లా సంఘాల ద్వారా గాని అనుబంధంగా ఉన్న సంస్థ. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో సంక్రాంతి పోటీలకు పేర్లు ఇచ్చే జట్లలో అనేకం ఏ సంఘంలోనూ సభ్యత్వం లేనివే. మిరప కోతలు మొదలు కాకమునుపు కల్లం చదును చేసి గీతలు గీసుకుని ఆడే యువజన సంఘం ఎంత గొప్ప ఆటగాడిని తయారు చేసినా ఆ లెక్క ఎక్కడా ఎక్కదు. ప్రభుత్వ పాఠశాలలు, క్రీడా వసతి గృహాలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే అకాడమీల పరిస్థితి కూడా ఇటువంటిదే. బాలుడు ఏ సీజన్‌లో ఏ అనుబంధ క్లబ్బు పేరిట నమోదై ఉన్నాడన్నదే ప్రమాణం. పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు ఐదేళ్లు ఆట నేర్పి, ఆరవ ఏట పట్టణ క్లబ్బు అతడిని తొలిసారిగా నమోదు చేస్తే, పత్రాలలో కనిపించేది ఆరవ ఏడు మాత్రమే.

అంతర్జాతీయ బదిలీలన్నీ 2010 అక్టోబరు నుంచి ఫిఫా ఎలక్ట్రానిక్ విధానం ద్వారా జరగడం పురుషుల ఫుట్‌బాల్‌లో తప్పనిసరి అయింది. 2022 నవంబరులో పారిస్ కేంద్రంగా ఫిఫా క్లియరింగ్ హౌస్ అనే చెల్లింపుల సంస్థ పని ప్రారంభించింది. అంతకుముందు చిన్న క్లబ్బు తనకు రావలసిన మొత్తాన్ని తానే గుర్తించి, విదేశీ క్లబ్బుకు ఉత్తరం రాసి, బదులు రాకపోతే ఫిఫాకు ఫిర్యాదు చేయవలసి వచ్చేది. అసలు బదిలీ జరిగిన సంగతే చాలా క్లబ్బులకు తెలిసేది కాదు. కొత్త పద్ధతిలో ఆటగాడి నమోదు వివరాలన్నీ కలిపి ఎలక్ట్రానిక్ ప్లేయర్ పాస్‌పోర్టు తయారవుతుంది. అందులో పేరు ఉన్న క్లబ్బుల వాటాలను లెక్కగట్టి, డబ్బు క్లియరింగ్ హౌస్ ద్వారానే పంపుతారు. ఇది నిస్సందేహంగా మంచి మార్పు. కాగా, యంత్రం చేయగలిగినది తనకు అందిన సమాచారంతోనే. జాతీయ సమాఖ్య వద్ద పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, క్లబ్బు, సీజన్ నమోదై లేకపోతే పాస్‌పోర్టులో ఆ సంవత్సరాలు ఖాళీగా వస్తాయి. డబ్బు అందుకునే క్లబ్బు సైతం తన పేరిట బ్యాంకు ఖాతా, గుర్తింపు పత్రాలు చూపి పరిశీలనలో నెగ్గాలి. శిక్షకుడి సొంత ఖాతాలో వేయమని కోరితే కుదరదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన క్లబ్బుకు ఈ విషయంలో ఇబ్బంది తక్కువ.

సంపన్న దేశాలలోనూ ఈ హక్కు తేలికగా సిద్ధించలేదు. అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్ పట్టణం మన తెలుగు కుటుంబాలకు సుపరిచితం. అక్కడి క్రాస్‌ఫైర్ ప్రీమియర్ అనే బాలల క్లబ్బు, తన వద్ద ఆట నేర్చిన డియాండ్రే యెడ్లిన్ 2014లో ఇంగ్లండ్‌లోని టాటెన్‌హామ్‌కు బదిలీ అయినప్పుడు సంఘీభావ వాటా కోరింది. అమెరికా సమాఖ్య తమ దేశ న్యాయపరమైన అడ్డంకులు చూపుతూ ఇటువంటి చెల్లింపులను చాలాకాలం అమలు చేయలేదు. ఆ వివాదం ఏళ్ల తరబడి సాగింది. చివరకు 2019లో అమెరికా మేజర్ లీగ్ సాకర్, ఇకపై తమ ఆటగాళ్ల విషయంలో ఈ రెండు రకాల మొత్తాలనూ కోరతామని ప్రకటించింది.

మరొక జాగ్రత్త. కొన్ని విదేశీ క్లబ్బులు, వాటి తరఫు ఏజెంట్లు, ఒప్పందానికి ముందే స్వదేశీ క్లబ్బు నుంచి పరిహారం వదులుకుంటున్నట్లు లేఖ తీసుకోవడం ప్రపంచమంతటా ఉన్న వాడుక. పిల్లవాడి భవిష్యత్తుకు అడ్డుపడుతున్నారన్న నింద మోయలేక అమెచ్యూర్ క్లబ్బు సంతకం చేస్తుంది. ఆ లేఖ ఇవ్వడం మంచిదా కాదా అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. 10,000 యూరోల కోసం ఒక యువకుడికి వచ్చిన ఏకైక అవకాశం చేజారిపోతే ఆ క్లబ్బును గ్రామం క్షమించదు. అలాగని ఏమి వదులుకుంటున్నారో తెలియకుండా సంతకం చేయడమూ తగదు. ఆటగాడిని ఆపే అధికారం మాత్రం క్లబ్బుకు లేదు. పరిహారం బాకీ ఉన్నదన్న కారణంతో అంతర్జాతీయ బదిలీ పత్రాన్ని నిలిపివేయరాదు. బాకీ క్లబ్బుల మధ్య వ్యవహారమే గాని ఆటగాడి నెత్తిన వేయదగినది కాదు.

ఇతర క్రీడలకు వస్తే ఇంత వివరమైన ఏర్పాటు కనిపించదు. కోస్తా పల్లెలలో ఫుట్‌బాల్ కంటే వాలీబాల్, కబడ్డీలకు ఆదరణ హెచ్చు. వాలీబాల్ ఆటగాడు విదేశీ లీగుకు వెళ్లాలంటే అంతర్జాతీయ బదిలీ ధృవపత్రం అవసరం, దానికి స్వదేశీ సమాఖ్య ఆమోదం కావాలి. అయితే 12వ ఏటి నుంచి సంవత్సరాల వారీగా గ్రామ క్లబ్బుకు లెక్కగట్టి పంచే ఫుట్‌బాల్ తరహా పద్ధతి అక్కడ లేదు. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ ప్రారంభమైనప్పటి నుంచి కబడ్డీ ఆటగాళ్ల వేలం మొత్తాలు ప్రముఖంగా ప్రచురితమవుతున్నాయి. అందులో ఊరి జట్టుకు వాటా ఇవ్వాలనే అంతర్జాతీయ నియమం ఏదీ ఆ క్రీడకు లేదు. మంచు హాకీలో ఉత్తర అమెరికా నేషనల్ హాకీ లీగ్, యూరప్ దేశాల సమాఖ్యలతో ఒప్పందాలు కుదుర్చుకుని వారి ఆటగాళ్లను తీసుకున్నందుకు మూకుమ్మడిగా చెల్లించే పద్ధతి ఉన్నది. అక్కడ క్లబ్బుకు ఎంత చేరాలన్నది స్వదేశీ సమాఖ్య చేతిలో ఉంటుంది.

గుంటూరుకు అత్యంత కీర్తి తెచ్చిన చదరంగం మరీ విలక్షణం. గుంటూరులో జన్మించి 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌గా నిలిచిన పెంటేల హరికృష్ణ, జర్మనీ బుండెస్‌లిగాలో 2015-16 సీజన్ విజేత అయిన సోలింగెన్ జట్టుకు ఆడారు. కోనేరు హంపి యూరోపియన్ మహిళల క్లబ్ కప్‌లో మాంటేకార్లో జట్టు తరఫున బరిలో దిగారు. చదరంగంలో క్రీడాకారుడు స్వదేశీ సమాఖ్యను వదలకుండానే విదేశీ క్లబ్బుకు ఆడవచ్చును. బదిలీ జరగదు, రుసుము పుట్టదు. ఒక దేశపు సమాఖ్య నుంచి మరొక దేశపు సమాఖ్యకు మారినప్పుడే పాత సమాఖ్యకు పరిహారం లభిస్తుంది. పైగా హంపికి తొలి గురువు ఆమె తండ్రి అశోక్. ఇంట్లో తండ్రి ఇచ్చిన శిక్షణకు ఏ నియమావళి వెల కట్టగలదు?

జిల్లా క్రీడాధికారులు, క్రీడా సంఘాల బాధ్యులు ఆచరణలో చేయగలిగిన పని మాత్రం సులభమైనదే. ఫుట్‌బాల్ ఆడే ప్రతి బాలుడిని 12వ ఏట, ఆడుతున్న జట్టు పేరిటనే, అనుబంధ క్లబ్బు సభ్యుడిగా నమోదు చేయించాలి. ప్రతి సీజన్‌కు నమోదును పునరుద్ధరించాలి. జనన ధృవపత్రంలోని పేరు, పాఠశాల రికార్డులోని పేరు, సమాఖ్య నమోదులోని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక రాయడం మన ప్రాంతంలో సర్వసాధారణం, విదేశీ రికార్డులలో వారు ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపిస్తారు. పాఠశాలలో శిక్షణ పొందే పిల్లల విషయంలో సమీపంలోని అనుబంధ క్లబ్బుతో ముందుగానే లిఖితపూర్వక ఏర్పాటు చేసుకుంటే, రేపు వచ్చే మొత్తంలో పాఠశాల మైదానానికి ఎంత అన్నది వివాదం కాకుండా ఉంటుంది. అమరావతి ప్రణాళికలోని నవ నగరాలలో క్రీడా నగరం ఒకటి. పెద్ద మైదానాల నిర్మాణంతో సమానంగా ఈ నమోదు పుస్తకాలపైనా దృష్టి పెట్టడం అవసరం. పుస్తకానికి అయ్యే ఖర్చు అతి స్వల్పం.

గడువుల సంగతి కూడా గుర్తుంచుకోవలసి ఉన్నది. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు దాటిన క్లెయిములను ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్ విచారణకు స్వీకరించదు. ఆటగాడు ప్రొఫెషనల్‌గా తొలిసారి నమోదైన 18 నెలల లోపు అతడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బు ఏదో తేలకపోయినా, ఆ క్లబ్బు ముందుకు రాకపోయినా, శిక్షణ పరిహారం ఆ దేశపు జాతీయ సమాఖ్యకు చెందాలని నియమావళి అనుబంధంలో పొందుపరచడమైనది. ఆ సొమ్మును సమాఖ్య యువజన ఫుట్‌బాల్ అభివృద్ధి కార్యక్రమాలకు వినియోగించవలసి ఉంటుంది. అప్పుడు ఆ డబ్బు దేశానికి వస్తుంది గాని, ఆటగాడు తొలిసారి బంతి తన్నిన ఊరికి రాదు.